శుద్ధిని కత్వ దగ్గర కొలవాలి

హైదరాబాదు మురుగునీటిని నూటికి నూరు శాతం శుద్ధి చేసే రోజు దగ్గరపడిందని కొన్నేళ్లుగా వింటున్నాం. ప్రభుత్వం మారింది గానీ ఈ మాట మారలేదు. అది నిజం కావాలని మనకంటే ఎక్కువగా కోరుకునేవాళ్లు ఎవరూ ఉండరు. నగరంలో పారిశుధ్య కార్మికులు తప్ప ఆ నీళ్లలో దిగేవాళ్లు లేరు. ఇక్కడ పిక్కల లోతు దిగి నాట్లేసేది మన ఆడబిడ్డలు. ఆ నీళ్లతో పెరిగిన గడ్డి మేసేది మన బర్రెలు. అందుకే ఈ శుద్ధి అనే మాటకు అర్థమేమిటో, దాన్ని ఎవరు ఎక్కడ కొలుస్తున్నారో ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. 2021లో ప్రభుత్వం చెప్పిన దాని ప్రకారం హైదరాబాదు, దాని చుట్టూ ఉన్న మున్సిపాలిటీలు కలిసి రోజుకు 195 కోట్ల లీటర్ల మురుగు వదులుతున్నాయి. అప్పటికి పనిచేస్తున్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. మిగతా మురుగు కోసమని అదే ఏడాది 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేశారు. వాటి సామర్థ్యం సుమారు 126 కోట్ల లీటర్లు. లీటర్లలో చెబితే మనకు అంతుపట్టదు, టీఎంసీలలో చెప్పుకుందాం. రోజుకు 195 కోట్ల లీటర్లంటే ఏడాదికి 25 టీఎంసీలు. కరువొచ్చినా, మే నెల ఎండలు కొట్టినా ఆగని 25 టీఎంసీలు. ఏ ప్రాజెక్టు కింది రైతుకూ ఇంత నికరమైన నీళ్లు లేవు. ఇంత చెడ్డ నీళ్లూ లేవు.

ఈ నీళ్లు ఎక్కడివో కూడా చెప్పుకోవాలి. నాగార్జునసాగర్ నుంచి మూడు దశల పైపులైన్లతో రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల కృష్ణా నీళ్లు నగరానికి పోతున్నాయి. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు మరో 172 మిలియన్ గ్యాలన్లు. సింగూరు, మంజీర నీళ్లు అంతకుముందు నుంచీ ఉన్నాయి. వాటికోసం మెదక్ రైతులు ఎన్ని ఎండాకాలాలు గొంతు చించుకున్నారో మన సంఘం పాతవాళ్లకు తెలుసు. అంటే ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిన నల్లగొండ జిల్లా పక్కనుంచే కృష్ణ నీళ్లు పైపుల్లో నగరానికి ఎక్కుతాయి. అక్కడ స్నానాలకు, బట్టలకు, దొడ్లకు వాడాక మూసీలో పడి భువనగిరి మీదుగా మళ్లీ నల్లగొండకే దిగుతాయి. వాడపల్లి దగ్గర తిరిగి కృష్ణలోనే కలుస్తాయి. పోయేటప్పుడు మంచినీళ్లు, వచ్చేటప్పుడు మురుగు. మధ్యలో రైతును అడిగినవాడు లేడు.

మూసీ మీద కత్వలు ఇప్పటివి కావు. అనంతగిరి గుట్టల్లో వాన పడితే వచ్చే వరదను మలుపుకోవడానికి పెద్దలు కట్టినవి. వానాకాలం పంటకు తర్వాత చాలావరకు ఎండిపోయే ఏరు అది. నగరం పెరిగేకొద్దీ ఏడాది పొడుగునా పారడం మొదలుపెట్టింది. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాలువలైనా, ఆసిఫ్ నహరైనా, చివరన మూసీ ప్రాజెక్టైనా ఇవాళ ఈ పారకం మీద ఆధారపడినవే. యాసంగిలో బోర్లు ఎండి పక్క ఊరి రైతు ఆకాశం వైపు చూస్తుంటే కత్వ కింది రైతు నారు పోసుకుంటున్నాడు. యూరియా కూడా తక్కువ పడుతుంది. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. మురుగు మనకు నీళ్లిచ్చింది. అందుకే దీన్ని ఆపేయమని మనం ఎన్నడూ అడగలేదు, బాగుచేసి వదలమంటున్నాం. నగరంలో కొందరు మేధావులు మూసీ పంటల మీద నిషేధం పెట్టాలని తేలిగ్గా అనేస్తుంటారు. మురుగు పంపింది వాళ్లు, నిషేధం మాత్రం మనకా?

యూరియా కలిసొచ్చే సంగతి కూడా సగమే నిజం. మురుగులో నత్రజని మనం అడిగినప్పుడు వచ్చేది కాదు, తూము తెరిచినప్పుడల్లా వస్తుంది. పిలక దశలో మంచిదే. పొట్ట దశలో కూడా అంతే పారితే వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగులు పడుతుంది, తాలు ఎక్కువవుతుంది. ఇంటికి బస్తాలు తక్కువ వస్తాయి. వచ్చిన వడ్లు కూడా మూసీ వడ్లని తెలిస్తే బేరగాడు ధర కోసి అడుగుతాడు.

ఇక శుద్ధి కేంద్రం లోపల జరిగేది. ఇది పెద్ద విద్య ఏమీ కాదు, రైతుకు సులువుగా అర్థమవుతుంది. మురుగు రాగానే జల్లెళ్ల దగ్గర గుడ్డలు, ప్లాస్టిక్ పట్టేస్తారు. ఇసుక అడుగుకు దిగుతుంది. తర్వాత అసలు పని సూక్ష్మజీవులది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన పెద్ద కేంద్రం ఉంది. అది గోబర్ గ్యాస్ ట్యాంకు సూత్రం మీద నడుస్తుంది. గాలి తగలకుండా బురద పొర గుండా మురుగును కింది నుంచి పైకి పంపితే అక్కడి సూక్ష్మజీవులు కుళ్లును తింటాయి. కొత్త కేంద్రాల పద్ధతి వేరు. ట్యాంకు నింపి బ్లోయర్లతో గాలి ఊదుతారు. గాలిలో బతికే సూక్ష్మజీవులు కుళ్లును తిని బలుస్తాయి. గాలి ఆపితే బురదై అడుగున పేరుకుంటాయి. పైన తేరిన నీళ్లను వంపి, క్లోరిన్ వేసి వదులుతారు. మజ్జిగ మీద తేట వంపినట్టే.

దీనికి రెండు షరతులున్నాయి. కరెంటు ఆగకూడదు, బ్లోయర్లు ఆగకూడదు. ఊపిరాడక సూక్ష్మజీవులు చస్తే అవి మళ్లీ పుంజుకునేదాకా ఆ కేంద్రం గుండా పోయేది శుద్ధి కాని మురుగే. కట్టడం వేరు, నడపడం వేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్కనే చూడండి. దేశంలో పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్లు, అంటే మొత్తం మురుగులో 28 శాతం. డబ్బు పోసి కట్టిన సామర్థ్యంలో కూడా మూడో వంతుకు పైగా వాడకంలో లేదు. ఎత్తిపోతల పథకాలు చూసిన మనకు ఇది వింత కాదు. ప్రారంభోత్సవం నాడు నీళ్లు దుంకుతాయి, మూడో ఏడు మోటరు కాలితే పలికేవాడుండడు.

రెండో షరతు ఇంకా ముఖ్యమైనది. సూక్ష్మజీవులు తినగలిగింది మనిషి మలమూత్రం, వంటింటి నీళ్లు, సబ్బు నురగ లాంటివి. ఉప్పును అవి తినవు. సీసం, క్రోమియం లాంటి లోహాలను అరిగించుకోవు. మందుల ఫ్యాక్టరీ ద్రావణాలు ఎక్కువైతే వాటికే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి ఇళ్ల మురుగులో ఫ్యాక్టరీ వ్యర్థం కలిస్తే ఆ కేంద్రం మీద ఎంత ఖర్చు పెట్టినా ఉప్పూ లోహమూ కిందికి రాక తప్పదు.

కలుస్తున్నదా అంటే, కలుపుతున్నారు. దొంగచాటుగా కాదు, పైపు వేసి మరీ. పటాన్‌చెరు కథ మన సంఘంలో చాలామందికి తెలిసిందే. అక్కడి పారిశ్రామికవాడ వ్యర్థాలతో నక్కవాగు రంగు మారింది. వాగు కింది ఊళ్ల పొలాలు, బావులు, చేపలు పోయాయి. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు లాంటివాళ్లు ఊరూరూ తిరిగారు. కేసు 1990లో సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు జిల్లా జడ్జితో నష్టం లెక్క కట్టించి రైతులకు పరిహారం ఇప్పించింది. ఆ తర్వాత కేసు హైకోర్టుకు, అక్కడినుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. ఒక తరం రైతులు ఆ వాయిదాల్లోనే ముసలివాళ్లయ్యారు.

నక్కవాగు బాధ తగ్గించడానికి దొరికిన ఉపాయం ఏమిటి? అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీళ్లను హైదరాబాదు డ్రైనేజీలో కలిపి అంబర్‌పేటకు తోలడం. ఇళ్ల మురుగులో కలిస్తే పలచబడుతుందని వాదన. నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. మూసీ పోయేది కృష్ణకు. గోదావరి వైపు రైతుల మెడ మీది విషాన్ని దించి కృష్ణా వైపు రైతుల మెడ మీద పెట్టారు. సంగారెడ్డి రైతుకు న్యాయం జరిగితే మనకు సంతోషమే. కానీ విషం ఎక్కడికీ పోలేదు, జిల్లా మారింది.

ఆ పైపులో పోయేదేమిటో ఊహించి రాయడం లేదు. స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ ఉమ్మడి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించి 2007లో వివరాలు ప్రచురించారు. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మనకు జ్వరమొస్తేనో, కడుపు చెడితేనో డాక్టరు రాసే యాంటీబయాటిక్ అది. రోజుకు సుమారు 45 కిలోల మందు నీళ్లలో పోతోందని, 90 లక్షల జనం ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత మందు అదని వాళ్లు లెక్కగట్టారు. ఇట్లాంటి నీళ్లలో పెరిగే క్రిములు ఆ మందుకు అలవాటుపడతాయి. రేపు మనిషికి గానీ గొడ్డుకు గానీ జబ్బు చేస్తే అదే మందు పనిచేయకుండా పోతుంది. ఇది పాత లెక్కే. కొత్త లెక్క చూపి ఇప్పుడు బాగైందని అధికారులు అంటే వినడానికి సిద్ధంగా ఉన్నాం, కానీ ఆ లెక్క కత్వ దగ్గర తీసింది కావాలి. పైపు సంగతి అట్లా ఉంచితే, రాత్రిళ్లు ట్యాంకర్లతో తెచ్చి నాలాల్లో వంపేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. శుద్ధి అయిందని ఎట్లా తేలుస్తారు? కేంద్ర ప్రభుత్వం 2017 అక్టోబరులో మురుగు శుద్ధి కేంద్రాలకు ప్రమాణాలు ప్రకటించింది. అందులో ఉన్నవి నాలుగే. నీటి ఆమ్ల క్షార గుణం, అంటే పీహెచ్. తేలే మడ్డి. బీఓడీ, అంటే నీళ్లలోని కుళ్లు కరగడానికి ఎంత ప్రాణవాయువు పడుతుందో చెప్పే లెక్క. అది పెద్ద నగరాల్లో లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. నాలుగోది మలం నుంచి వచ్చే క్రిములు, 100 మిల్లీలీటర్లకు 1,000 మించకూడదు. 2019లో గ్రీన్ ట్రిబ్యునల్ ఇది చాలదని చెప్పి బీఓడీని 10కి దించమంది, నత్రజని, భాస్వరం లాంటివి కూడా చేర్చమంది. మంచిదే. అయినా నేలను చంపే ఉప్పు ఆ జాబితాలో లేదు.

సాగునీటికి ఉప్పు ప్రమాణం లేదా అంటే, ఉంది. కేంద్ర మండలి నదుల నీటిని ఏ నుంచి ఈ వరకు తరగతులుగా విభజించింది. ఈ తరగతి సాగునీరు. విద్యుత్ వాహకత, అదే ఈసీ, 2,250 మించకూడదని అందులో రాశారు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువైతే ఈసీ అంత పెరుగుతుంది. అంటే పొలానికి ఒక కొలత ఉంది, కేంద్రం గేటుకు ఇంకో కొలత ఉంది. రెండింటినీ కలిపి చూసే అధికారి మాత్రం లేడు. గేటు దగ్గర పాసైన నీళ్లు మన తూము దగ్గర ఫెయిల్ కావచ్చు, అప్పుడు కూడా రికార్డులో అవి శుద్ధి అయిన నీళ్లే.

పైగా మూసీ నీళ్లు ఒక్కసారి వాడి వదిలేసేవి కావు. ఒక కత్వ నుంచి కాలువకు పోయి, పొలాల్లో పారి, కొంత ఎండకు ఆవిరై, మిగిలింది ఊటగా, వాగుగా మళ్లీ ఏట్లోనే పడుతుంది. కింది కత్వ దాన్ని మళ్లీ తీసుకుంటుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. దిగువకు పోయేకొద్దీ వాసన తగ్గుతుంది, నురగ తగ్గుతుంది, చూపుకు తేటగా కనిపిస్తుంది. నగరం దగ్గరి గడ్డి రైతు నీళ్లు చూసి ముక్కు మూసుకుంటాడు. నలభై, యాభై కిలోమీటర్ల కింది వరి రైతు తన నీళ్లు బాగానే ఉన్నాయనుకుంటాడు, మడి మాత్రం ఏటా కొంచెం కొంచెం చౌడు తేలుతుంది. కంటికి కనిపించని చెడుపు కాబట్టి కొలవడం తప్ప వేరే దారి లేదు.

మనుషుల ఆరోగ్యం సంగతి. మూసీ రైతు కుటుంబాలను పరిశీలించిన పరిశోధకులు నగరానికి దగ్గరగా మురుగునీళ్లలో పనిచేసేవాళ్లలో కొంకి పురుగులు ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. ఇవి నోటి నుంచి కాదు, ఒట్టి కాళ్ల చర్మం గుండా లోపలికి పోతాయి. పేగులకు అంటుకుని రక్తం తాగుతాయి. నాట్లకు పోయే ఆడవాళ్లకు రక్తం తక్కువుందంటే పీహెచ్‌సీలో ఐరన్ మాత్రలిచ్చి పంపుతున్నారు. పురుగు సంగతి అడిగేవారు లేరు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తారు గానీ అది 19 ఏళ్ల లోపు పిల్లలకే. మడిలో దిగే తల్లికి వేయరు. మూసీ వెంట ఊళ్లలో పొలం పని చేసే పెద్దవాళ్లందరికీ డాక్టరు సలహాతో ఆ మాత్ర ఇవ్వాలని, రబ్బరు బూట్లు సబ్సిడీ మీద ఇవ్వాలని ప్రతి మండలంలో వైద్యాధికారికి అర్జీ పెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. దురదలు, పుండ్లు అని కూలీలు మూసీ మడికి రావడానికే ఎక్కువ కూలి అడుగుతున్నారు. వాళ్లు అడిగేది అన్యాయమేమీ కాదు.

మూసీ పునరుజ్జీవనం గురించి రెండు మాటలు. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గరికి వచ్చి మూసీ ఒడ్డున నడిచారు. ఏలినవారు దిగువకు వచ్చి చూడటం మంచిదే. అయితే ఆ తర్వాత కూడా చర్చంతా నగరంలోని 55 కిలోమీటర్ల ఒడ్డు చుట్టూనే తిరుగుతోంది. వంతెనలు, రోడ్లు, ఎవరి ఇల్లు కూలుతుంది, ఎవరి ఇల్లు నిలుస్తుంది. మూసీ పొడవు సుమారు 240 కిలోమీటర్లు. మిగతా నది ఎవరిది?

ఇంకో ప్రమాదం దాని వెనకాలే వస్తోంది. మురుగుగా ఉన్నంతకాలం ఈ నీళ్లు ఎవరికీ అక్కర్లేదు. శుద్ధి అయిన మరునాడు వాటికి ధర వస్తుంది. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీళ్లే వాడాలని 2016 కేంద్ర టారిఫ్ విధానంలో ఇప్పటికే ఉంది. పరిశ్రమలకు, నిర్మాణాలకు అమ్మాలన్న ఆలోచన అన్ని రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. మంచినీళ్లు మిగులుతాయంటే మనం కాదనం. కానీ మురుగును దశాబ్దాలుగా మోసింది మూసీ ఆయకట్టు. శుభ్రమైనాక మొదటి హక్కు ఆ ఆయకట్టుదే కావాలి. ప్రతి కత్వకు ఎన్ని నీళ్లు వదులుతారో రాతపూర్వకంగా తేల్చకుండా ఒక్క లీటరు కూడా బయటి వాళ్లకు అమ్మే ఒప్పందం చేయకూడదు. బెంగళూరు మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. అక్కడ మన తెలుగు మాట్లాడే రైతులు చాలామంది ఉన్నారు. చెరువులు నిండాయి, బావుల్లో ఊట వచ్చింది. మొదటి నెలల్లోనే చెరువులో నురగ తేలి గొడవ కూడా అయింది. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపండని అక్కడి రైతులు ఇవాళ్టికీ అడుగుతున్నారు. నీళ్లు వద్దనడం లేదు, నాణ్యత అడుగుతున్నారు. మన కోరిక కూడా అదే.

కాబట్టి సంఘం ప్రభుత్వం ముందు పెడుతున్నది ఇది. ప్రతి కత్వ దగ్గర నెలకోసారి కాలుష్య నియంత్రణ మండలి నమూనా తీయాలి. బీఓడీ, క్రిములతో పాటు ఈసీ, సోడియం, లోహాలు, మందుల అవశేషాలు చూడాలి. ఫలితం వెబ్‌సైటులో ఎక్కడో మూలన కాదు, రైతు వేదిక గోడ మీద తెలుగులో రాయాలి. ఫ్యాక్టరీ నీళ్లు ఇళ్ల మురుగులో కలపడం ఆపాలి. ఎవరి వ్యర్థం వాళ్ల ఆవరణలోనే తేల్చుకోవాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరికే కూర్చోవద్దు. 1974 నీటి చట్టంలో 25వ సెక్షన్ కింద, ఏ ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద నీళ్లు వదిలే అనుమతి ఇచ్చారో మండలి రిజిస్టరు రాయాలి. ఆ నీళ్ల వల్ల దెబ్బతినే ఎవరైనా పోయి ఆ రిజిస్టరు చూడవచ్చు. ఈ సంగతి మండలి ఆఫీసులో మనకు ఎవరూ చెప్పరు. మనమే అడగాలి, చూపకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. అదే చట్టం 49వ సెక్షన్ ప్రకారం మండలికి 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. పంట నష్టానికి గ్రీన్ ట్రిబ్యునల్‌లో పరిహారం అడగాలంటే నష్టం మొదలైన నాటి నుంచి ఐదేళ్ల లోపు పోవాలి. అందుకే కాగితం ముఖ్యం. ఏ ఏడు ఎన్ని బస్తాలు, నీళ్లు ఎట్లున్నాయి, డాక్టరు చీటీ, పశువైద్యుడి చీటీ, అన్నీ తేదీలతో దాచిపెట్టండి.

ఈ యాసంగిలో మూసీ వెంట ఉన్న ప్రతి గ్రామ కమిటీ తమ కత్వ దగ్గర నెలకోసారి నీళ్లు పట్టి పరీక్షకు పంపాలని నిర్ణయించాం. లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. పట్టే నీళ్లతోనే మూడుసార్లు కడగాలి. ఒడ్డున నిలిచిన నీళ్లు కాకుండా పారే చోట మధ్యలో పట్టాలి. గాలి లేకుండా నిండా నింపి మూత బిగించి, ఆ రోజో మరునాడో భూసార పరీక్షా కేంద్రానికి గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ చేర్చాలి. పీహెచ్, ఈసీ, సోడియం చూడమని అడగండి. ఈసీ 2,000 దాటితే వరి దిగుబడి మీద దెబ్బ మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి. క్రిముల పరీక్షకు మరిగించిన సీసా, ఐసు పెట్టె కావాలి, అది మనవల్ల అయ్యేది కాదు, మండలి చేతనే చేయించాలి. మనం పట్టిన సీసా కోర్టులో సాక్ష్యంగా నిలవకపోవచ్చు. కానీ అధికారి ముందు పెట్టి, మీరొచ్చి పట్టండని అడగడానికి పనికొస్తుంది.

రిపోర్టు నకలు జిల్లా కమిటీకి పంపండి, వచ్చే నెల నుంచి కత్వలవారీగా ఈ పత్రికలో వేస్తాం. సీసా మీద కత్వ పేరు, తేదీ, గంట రాయడం మరవవద్దు.